నీళ్ళు తాగితే మోషన్ ఫ్రీ అవుతుందా? మెడికల్ షాపు కౌంటర్ దగ్గర రోజూ వచ్చే డౌట్లు

మాది మిర్యాలగూడ దగ్గర మెడికల్ షాపు. పదహారేళ్ళుగా ఆ కౌంటర్ వెనకాలే ఉంటున్నా. జ్వరం మాత్ర కావాల్సినవాళ్ళు రోడ్డు మీంచే గట్టిగా అడుగుతారు, మోషన్ మందు కావాల్సినవాళ్ళు మాత్రం పక్కనున్నవాళ్ళు వెళ్ళేదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడి, తర్వాత ముందుకి వంగి గొంతు తగ్గించి అడుగుతారు. అడిగేవాటిల్లో సగం నీళ్ళ గురించే. ఒక వీడియోలో ఐదు లీటర్లు తాగమంటారు, ఇంకోదాంట్లో అన్నం తింటూ నీళ్ళు తాగితే విషం అంటారు, ఏది నమ్మాలో తెలీక నా దగ్గరికొస్తారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి రాసిపెట్టేశా. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

నాకు రోజూ అవ్వదు, రెండ్రోజులకోసారి అవుతుంది, ఇది మలబద్ధకమేనా?

రెండ్రోజులకోసారి అయినా మెత్తగా, ముక్కకుండా, అయ్యాక కడుపు ఖాళీ అయినట్టు ఉంటే అది మీ ఒంటి తీరు, అంతే. రోజూ అవ్వాలనే రూలు ఎక్కడా లేదు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ అవడం, మేక పెంటికల్లాగా గట్టిగా రావడం, ప్రతిసారీ ముక్కాల్సి రావడం, వెళ్ళొచ్చాక కూడా ఇంకా లోపల ఉన్నట్టు అనిపించడం, వీటిని మలబద్ధకం అంటారు. డాక్టర్లు బ్రిస్టల్ చార్ట్ అని ఒకటి వాడతారు, 1997లో వచ్చింది, అందులో ఏడు బొమ్మలుంటాయి. ఒకటి, రెండు అంటే గట్టిది, మూడు, నాలుగు అంటే బాగున్నట్టు. రోజూ అవుతున్నా ఒకటో బొమ్మలాగే ఉంటే అది మలబద్ధకమే, ఈ సంగతి చాలామందికి తెలీదు.

నీళ్ళు తక్కువైతే మోషన్ ఎందుకు గట్టిపడుతుంది?

మోషన్ లో ముప్పావు వంతు నీళ్ళే. మనం తాగేవీ తినేదాంట్లో వచ్చేవీ కలిపి రోజుకి ఓ 2 లీటర్లు, వాటికి తోడు నోట్లో లాలాజలం, కడుపులో యాసిడ్, పైత్యరసం, క్లోమరసం, పేగుల్లో ఊరేది అంతా కలిపి ఇంకో 7 లీటర్లు, మొత్తం దగ్గర దగ్గర 9 లీటర్ల ద్రవం రోజూ పేగుల్లోంచి పోతుంది. అందులో ఎక్కువ భాగం చిన్నపేగే లాగేసుకుంటుంది, పెద్దపేగుకి లీటరు, లీటరున్నర చేరుతుంది, అది కూడా పిండుకోగా బయటికొచ్చేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అంటే పెద్దపేగు పనే నీళ్ళు పిండుకోవడం. ఒంట్లో నీళ్ళు తక్కువైతే ఇంకా గట్టిగా పిండుతుంది. మీరు మోషన్ ఆపుకుంటే కూడా అదే జరుగుతుంది, లోపల ఎంతసేపుంటే అంతసేపు పిండుతూనే ఉంటుంది కాబట్టి నిన్న మెత్తగా ఉన్నది ఇవాళ రాయి అవుతుంది.

అయితే నీళ్ళు బాగా తాగితే చాలు కదా, తగ్గిపోతుంది కదా?

ఇక్కడే అందరూ పొరపాటు పడేది. ఇన్నాళ్ళూ తక్కువ తాగుతున్నవాళ్ళకి పెంచితే తేడా తెలుస్తుంది. ఇప్పటికే సరిపడా తాగుతున్నవాళ్ళు ఇంకో రెండు లీటర్లు తాగితే ఆ రెండు లీటర్లూ యూరిన్ లో పోతాయి, పెద్దపేగు దాకా రావు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఎక్కువ నీళ్ళు పట్టించి చూస్తే మోషన్ ఏమీ పెరగలేదు, ఒంటికి వెళ్ళడమే పెరిగింది. అదే ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి వారం పాటు నీళ్ళు బాగా తగ్గించి చూస్తే (1990లో వచ్చిన స్టడీ) మోషన్ తగ్గింది.

మరి మలబద్ధకం ఉన్నవాళ్ళ సంగతేంటంటే 1998లో ఇటలీలో వచ్చిన స్టడీ ఒకటుంది, అందరికీ రోజుకి 25 గ్రాముల పీచు ఉండే తిండే పెట్టి, సగం మందిని 2 లీటర్లు మినరల్ వాటర్ తాగమన్నారు, మిగతా సగం వాళ్ళిష్టం. రెండు నెలల తర్వాత రెండు గుంపులకీ మెరుగైంది కానీ 2 లీటర్లు తాగినవాళ్ళకి ఎక్కువ మెరుగైంది. పీచు నీళ్ళని పట్టుకుని పెద్దపేగు దాకా మోసుకెళ్తుంది, పీచు లేకపోతే నీళ్ళు దారిలోనే దిగిపోతాయి. కౌంటర్ దగ్గర నేను రోజుకి పదిసార్లు చెప్పేది ఇదే, నీళ్ళు ఎన్ని తాగుతున్నారని అడిగాక మధ్యాహ్నం కంచంలో కూర ఎంతుందని కూడా అడుగుతా.

రోజుకి ఎన్ని లీటర్లు? కరెక్ట్ గా ఒక నంబర్ చెప్పండి

మామూలు పెద్దవాళ్ళకి 2 లీటర్లు, అంటే సుమారు 8 గ్లాసులు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) కూడా చెప్పేది దాదాపు ఇదే. ఎండలో పనిచేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ కావాలి, ఏసీలో కూర్చునే సన్నటి మనిషికి కాస్త తక్కువైనా నడుస్తుంది. యూరప్ వాళ్ళ లెక్కలో మగవాళ్ళకి 2.5, ఆడవాళ్ళకి 2 లీటర్లు అని ఉంటుంది కానీ అది తిండిలో వచ్చే నీళ్ళతో కలిపి. నంబర్ కంటే యూరిన్ రంగు చూసుకోండి, నిమ్మరసం కలిపిన నీళ్ళలా లేతగా ఉంటే చాలు, ఆవనూనెలా చిక్కగా ఉంటే తక్కువైనట్టు. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం ఎన్ని తాగినా పసుపు పచ్చగానే వస్తుంది, కంగారు పడొద్దు.

నేను బాగానే తాగుతాను కదా, ఇంకా ఎందుకిలా?

బాగానే అంటే ఎంత? మా నాన్న కూడా ఇదే మాట అనేవాడు, పొద్దున చెంబు, సాయంత్రం చెంబు, మధ్యలో అడపాదడపా, మూడు లీటర్లు పోతాయిరా అని. ఒకరోజు ఆ చెంబు లీటరు బాటిల్ తో కొలిచి చూస్తే నిండా పోస్తే 600 మిల్లీలీటర్లు, ఆయన ఎప్పుడూ నిండా పోసుకోడు, పైగా ఎత్తిపోసుకుని తాగుతాడు కాబట్టి కాస్త చొక్కా మీద పోతుంది. రోజంతా రాసి చూస్తే లీటరు దాటలేదు. మీరూ ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, బాటిల్ లో నింపుకుని అందులోంచే తాగండి, రాత్రికి ఎన్నిసార్లు నింపారో చూడండి. అంచనా మీద చెప్పేవాళ్ళలో నిజం చెప్పినవాళ్ళని నేను తక్కువ చూశా, అబద్ధమని కాదు, నిజంగానే తెలీదు.

టీ, కాఫీ, మజ్జిగ, పప్పుచారు ఇవి లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. మజ్జిగ దాదాపు నీళ్ళే, చారు అంతే. రోజూ తాగే అలవాటున్నవాళ్ళకి రెండు మూడు కప్పుల టీ వల్ల ఒంట్లో నీళ్ళు ఆవిరైపోవు, ఆ మాట ఎవరో పుట్టించింది. కాకపోతే చిన్న గ్లాసు టీ వంద మిల్లీలీటర్లు కూడా ఉండదు, ఆరు టీలు తాగినా అరలీటరు దాటదు, ఆరుసార్లు పంచదార మాత్రం వెళ్తుంది. మద్యం మాత్రం లెక్కలోకి రాదు, అది ఉన్న నీళ్ళని కూడా బయటికి పంపిస్తుంది.

## పొద్దున పూట

పరగడుపున గోరువెచ్చని నీళ్ళు తాగితే నిజంగా పనిచేస్తుందా?

చాలామందికి పనిచేస్తుంది, కానీ కారణం గోరువెచ్చదనం ఒక్కటే కాదు. పొద్దున లేచాక పెద్దపేగు సహజంగానే చురుగ్గా ఉంటుంది, ఖాళీ కడుపులో ఏదైనా పడగానే కింద పేగుకి జరుగు జరుగు అని కబురెళ్తుంది, టిఫిన్ తిన్న ఇరవై, ముప్ఫై నిమిషాలకి ఈ కబురు ఇంకా గట్టిగా ఉంటుంది. నీళ్ళు తాగేసి వెంటనే బైకెక్కి పనికి పరిగెడితే ఆ కబురు వృథా. ఒక గ్లాసు లేదా గ్లాసున్నర తాగండి, టిఫిన్ తినండి, తర్వాత పది నిమిషాలు బాత్రూమ్ కోసం తీరిక ఉంచుకోండి. వచ్చినా రాకపోయినా రోజూ అదే టైముకి కూర్చోండి, ముక్కొద్దు, ఫోన్ తీసుకెళ్ళొద్దు. రెండు వారాల్లో ఒంటికి అలవాటు పడుతుంది.

లేవగానే లీటరున్నర ఒకేసారి తాగమన్నారు, తాగలేక వాంతొస్తోంది

తాగొద్దు. ఒక్కసారిగా అన్ని పోస్తే చాలావరకు రెండు మూడు గంటల్లో యూరిన్ గా పోతాయి. అవే నీళ్ళు రోజంతా పరిచి తాగితే మేలు. ఎవరో తాగగలుగుతున్నారని మీరు ముక్కు మూసుకుని తాగక్కర్లేదు.

రాగి చెంబులో రాత్రంతా పెట్టిన నీళ్ళు మంచివా?

రాగికి సూక్ష్మక్రిములని చంపే గుణం ఉంది, అది నిజం. మోషన్ విషయంలో మాత్రం రాగి చెంబు నీళ్ళు, స్టీలు బిందె నీళ్ళు ఒకటే. తాగాలనిపిస్తే తాగండి, చింతపండుతో తోముకుంటూ ఉండండి, అందులో నిమ్మరసం, మజ్జిగ మాత్రం పొయ్యొద్దు, పులుపుకి రాగి దిగుతుంది.

జీలకర్ర నీళ్ళు, వాము నీళ్ళు, నిమ్మకాయ తేనె, వీటిల్లో ఏది బెస్ట్?

మీకు ఏది రుచిగా ఉంటే అది, ఎందుకంటే రుచిగా ఉంటేనే గ్లాసు మొత్తం ఖాళీ అవుతుంది. వాము, జీలకర్రతో గ్యాస్ ఉబ్బరం కొంచెం తేలికపడినట్టు చాలామంది చెప్తారు, మోషన్ మీద అంత పెద్ద పని ఏమీ లేదు. షుగర్ ఉన్నవాళ్ళు తేనె లెక్కలో పెట్టుకోండి, తేనె కూడా చక్కెరే. యాసిడిటీ ఉన్నవాళ్ళకి ఖాళీ కడుపున నిమ్మరసం మంటెక్కించొచ్చు.

పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటా, మరి ఈ జీలకర్ర నీళ్ళు ఎప్పుడు తాగాలి?

ఈ ప్రశ్న ఎక్కువగా ఆడవాళ్ళు అడుగుతారు, మంచి ప్రశ్న. మాత్ర ఉత్త నీళ్ళతోనే వేసుకోండి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఉత్త నీళ్ళు తప్ప ఇంకేదీ వద్దు, కాఫీ అసలు వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల గ్యాప్ కావాలి. ఇసబ్గోల్ (నీళ్ళలో కలుపుకుని తాగే పీచు పొడి) వాడేవాళ్ళు అది రాత్రికి పెట్టుకుంటే గొడవ ఉండదు. ఇంకో మాట, థైరాయిడ్ తక్కువగా ఉండటమే మలబద్ధకానికి ఒక కారణం, కాబట్టి మాత్ర సరిగ్గా ఒంటికి పట్టకపోతే ఎన్ని నీళ్ళు తాగినా మోషన్ కదలదు.

కాఫీ తాగితేగానీ రాదు, ఇది చెడ్డ అలవాటా?

కాదు. కాఫీ కొందరికి పెద్దపేగుని కదిలిస్తుంది. ఒక కప్పుకి వస్తుంటే హాయిగా కానివ్వండి.

వెస్టర్న్ కమోడ్ వచ్చాకే ఈ బాధ మొదలైంది, నీళ్ళు పెంచినా లాభం లేదు

మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. గొంతుక్కూర్చున్నప్పుడు కింద పేగు దారి తిన్నగా అవుతుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే అక్కడి కండరం పేగుని కాస్త మడతపెట్టి ఉంచుతుంది. కమోడ్ ముందు ఒక జానెడు ఎత్తు చిన్న స్టూలు వేసి కాళ్ళు దాని మీద పెట్టి కొంచెం ముందుకి వంగండి. మా ఇంట్లో అయితే పాత ముక్కాలిపీట పెట్టాం, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి అదే పనికొచ్చింది.

## తిండి దగ్గర

అన్నం తింటూ నీళ్ళు తాగితే అరగదంటారు, జీర్ణరసాలు పలచబడతాయట, నిజమేనా?

కాదు. ఉత్త నీళ్ళు కడుపులో ఎక్కువసేపు ఉండవు, గ్లాసులో సగం పది, ఇరవై నిమిషాల్లోనే కిందకి దిగిపోతాయి, యాసిడ్ తగ్గితే కడుపు మళ్ళీ ఊరించుకుంటుంది. అయినా మనం తినే పప్పు, చారు, మజ్జిగ అన్నం సగం నీళ్ళే కదా, అది అరుగుతోంది కదా. ఒకటి మాత్రం ఉంది, ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్ళు భోజనంతో రెండు మూడు గ్లాసులు ఎక్కిస్తే కడుపు సాగి మంట పెరుగుతుంది, వాళ్ళు గుటక గుటకగా తాగి మిగతావి మధ్యలో తాగాలి. గొంతులో ముద్ద పట్టుకుంటే నీళ్ళు తాగాలా వద్దా అని వీడియో చూసి ఆలోచించేవాళ్ళు కూడా తయారయ్యారు, తాగండి బాబూ.

ఫ్రిజ్ నీళ్ళు తాగితే కొవ్వు పేరుకుపోతుందా, మోషన్ గట్టిపడుతుందా?

రెండూ కాదు. చల్లనీళ్ళు కడుపులో పడ్డ కాసేపటికి ఒంటి వేడికి వచ్చేస్తాయి. పళ్ళు జివ్వుమనేవాళ్ళు, చల్లటివి తాగగానే కడుపు పట్టేసేవాళ్ళు కుండనీళ్ళు తాగండి.

బిర్యానీ తిన్నాక గోలీసోడా తాగితే అరుగుతుంది కదా?

తేన్పు వస్తుంది, గ్యాస్ బయటికొచ్చి హాయిగా ఉంటుంది. అంతకంటే అరుగుదల ఏమీ లేదు.

నీళ్ళు పెంచాను, మరి తిండిలో ఏం మార్చాలి?

మన కంచంలో అసలు సమస్య తెల్లన్నం గుట్ట, పక్కన చెంచాడు కూర. ఎన్ఐఎన్ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, అదే రాగులు, జొన్నలు, సజ్జల్లో 10 నుంచి 11 గ్రాములు. పొద్దున రాగిజావ, రాత్రి జొన్నరొట్టె పెట్టుకుంటే చాలా దూరం వెళ్ళొచ్చు. తోటకూర, గోంగూర, బీర, చిక్కుడు, గోరుచిక్కుడు, పెసలు, బొబ్బర్లు, గింజలతో సహా జామకాయ, ఇవన్నీ సంతలో దొరికేవే. జామ గింజలకి మలబద్ధకం వస్తుందని భయపడి పిల్లలకి గింజలు తీసి పెడతారు, ఎక్కడా లేని కష్టం. రాత్రి నానేసిన ఎండుద్రాక్ష కూడా మంచిదే, నానిన నీళ్ళు కూడా తాగేయండి. అరటిపండు బాగా మచ్చలొచ్చేదాకా పండాలి, పచ్చిగా ఉన్నది తింటే కొందరికి ఎదురు తిరుగుతుంది.

రాగులు, ఆకుకూరలు పెంచాక గ్యాస్, ఉబ్బరం పెరిగిపోయింది, మానేయనా?

ఒకేసారి పెంచేసుంటారు. పీచు పెంచి నీళ్ళు పెంచకపోతే అది లోపల మట్టిలా కూర్చుంటుంది, ఉన్న బాధ కాస్తా రెట్టింపవుతుంది. మూడు నాలుగు రోజులకి ఒక్కో కొత్త ఐటమ్ కలుపుతూ, కలిపినప్పుడల్లా ఒక గ్లాసు నీళ్ళు కూడా కలుపుతూ రండి. రెండు మూడు వారాలకి కడుపు సర్దుకుంటుంది.

మాది బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి, వాటివల్లే మోషన్ టైట్ అవుతోందా?

నీళ్ళలో ఉప్పులు ఉన్నంత మాత్రాన మోషన్ గట్టిపడదు, మెగ్నీషియం ఎక్కువుంటే ఇంకా మెత్తబడుతుంది. అసలు జరిగేది ఏంటంటే ఉప్పగా ఉన్నాయని జనం తక్కువ తాగుతారు, అక్కడే దెబ్బ. కానీ మా నల్గొండ వైపు, ప్రకాశం వైపు బోరు నీళ్ళంటే ఫ్లోరైడ్ సంగతి కూడా చూసుకోవాలి, అది లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, పళ్ళు ఎముకలు పాడవుతాయి. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. ఫ్లోరైడ్ టెస్ట్ చేయించని బోరు నీళ్ళని ఆరోగ్యం కోసమని రెండింతలు తాగడం మొదలుపెట్టొద్దు, ముందు టెస్ట్ చేయించండి లేదా నదీ జలాల పంపు నీళ్ళు తాగండి.

## ఎండలు, ప్రయాణాలు, పనులు

ఎండాకాలం రాగానే మోషన్ రాయిలా అవుతుంది, మిగతా నెలలు బాగానే ఉంటుంది

చెమట. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండకి పొలంలోనో సైటులోనో పనిచేసే మనిషికి గంటకి లీటరు దాకా కూడా చెమట పోవచ్చు, అక్కడ రెండు లీటర్ల లెక్క ఏ మూలకీ చాలదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి అరగ్లాసు పడాలి. ఉప్పేసిన పలచటి మజ్జిగ, అంబలి, చద్దన్నంలో పెరుగు ఉల్లిపాయ, దోసకాయ, ముంజలు, పుచ్చకాయ, మనవాళ్ళు ఎండాకాలానికి పెట్టుకున్న తిండంతా నీళ్ళు తినిపించే తిండే. కల్లు, కూల్ డ్రింకులు దీనికి పనికిరావు.

బస్సులో దూరం వెళ్ళేటప్పుడు బాత్రూమ్ భయంతో నీళ్ళే తాగను, ఊరెళ్ళొచ్చాక నాలుగు రోజులు బాధ

మన బస్టాండ్లలో బాత్రూములు చూస్తే ఏ ఆడమనిషీ నీళ్ళు తాగే ధైర్యం చెయ్యదు, మీ తప్పేం లేదు, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక నా దగ్గర సిరప్ సీసాలు ఎక్కువ పోయేది అందుకే. బయల్దేరడానికి రెండు గంటల ముందు దాకా బాగా తాగేసి, ఒకసారి ఒంటికి వెళ్ళి ఎక్కండి, దారిలో గుటక గుటకగా తాగండి, దిగగానే రెండు గ్లాసులు. బస్సులో జామకాయ, బత్తాయి పెట్టుకోండి, చిప్స్ కాదు. ముఖ్యంగా మోషన్ వచ్చినట్టు అనిపిస్తే ఇంటికెళ్ళాక చూద్దాంలే అని ఆపుకోవద్దు, ఆపుకున్న మోషనే గట్టిపడేది.

గల్ఫ్ లో సైట్ మీద పని, నీళ్ళు బాగానే తాగుతున్నా, అయినా ఐదు రోజులకోసారి

జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ళ చేత నన్ను అడిగిస్తారు ఇది. మైదా కుబ్బూస్ రొట్టె, చికెన్, రాత్రి మళ్ళీ అన్నం, కూరగాయ కంటికి కనపడదు. తాగిన నీళ్ళు చెమటకి పోయాయి, పేగులో పట్టుకోడానికి పీచు లేదు. క్యాంపు కిచెన్ లో పప్పు, శనగలు చౌకే, ఖర్జూరాలు ఎక్కడైనా దొరుకుతాయి, దోసకాయ పచ్చిదే కొరుక్కుని తినండి.

రంజాన్ ఉపవాసం ఉన్నప్పుడు ఎలా?

సాయంత్రం ఇఫ్తార్ నుంచి సహరీ దాకా గంటకో గ్లాసు చొప్పున పరిచి తాగండి, సహరీలో ఒకేసారి లీటరు తాగితే తెల్లారేసరికి పోతుంది. హలీమ్ లో గోధుమ ఉంది కాబట్టి పీచు కొంత వెళ్తుంది కానీ అదొక్కటే సరిపోదు, పళ్ళు కూడా ఉండాలి. కార్తీక సోమవారాలు, ఏకాదశి ఉన్నవాళ్ళు నీళ్ళు తాగే ఉపవాసమే చెయ్యండి.

## పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, పెద్దాళ్ళు

మూడు నెలల పాప, నాలుగు రోజులైంది, కాస్త నీళ్ళు పట్టమంటారా?

వద్దమ్మా. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు, పాలల్లోనే నీళ్ళుంటాయి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకి నాలుగైదు రోజులు రాకపోయినా, వచ్చినప్పుడు మెత్తగా ఉండి, బిడ్డ ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే పర్వాలేదు. ఆముదం పోయడం, తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి వెనక పెట్టడం లాంటివి అమ్మమ్మలు చెప్తారు, చెయ్యకండి, అక్కడి చర్మం చాలా లేతగా ఉంటుంది. పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతి చేసుకుంటే, లేదా పుట్టిన మొదటి రెండు రోజుల్లో మోషన్ అవ్వకపోయి ఉంటే వెంటనే పిల్లల డాక్టర్.

ఆరేళ్ళ బాబు, మూలకెళ్ళి కాళ్ళు బిగబట్టి నిలబడతాడు కానీ వెళ్ళడు

ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టి ఉంటుంది, అప్పటినుంచి భయపడి ఆపుకుంటున్నాడు, ఆపిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. తిట్టొద్దు. స్కూలుకి ఇచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం బ్యాగులోంచి తీసి చూడండి, చాలా ఇళ్ళల్లో అది పొద్దున నింపినట్టే తిరిగొస్తుంది, స్కూల్ బాత్రూమ్ బాలేదని తాగరు. పాలు రోజుకి అరలీటరు దాటితే తగ్గించండి, పాలతో కడుపు నిండిపోయి తిండి తినరు. టిఫిన్ తర్వాత ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. భయం పోయేదాకా మెత్తబడే సిరప్ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కావాలి, అది పిల్లల డాక్టర్ బరువు చూసి రాస్తారు, నన్నడిగి తీసుకెళ్ళొద్దు.

ఐదో నెల, ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మోషన్ నల్లగా, గట్టిగా వస్తోంది, మానేయనా?

మానొద్దు, రక్తం తక్కువైతే ఇంకా ప్రమాదం. నల్లరంగు ఐరన్ వల్లే. గట్టిదనం కొంత ఐరన్ వల్ల, కొంత కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ వల్ల పేగు నెమ్మదించడం వల్ల. రెండు మూడు గ్లాసులు పెంచండి, జామ, ఆకుకూరలు పెంచండి, సాయంత్రం కాసేపు నడవండి. అయినా తగ్గకపోతే వేరే ఐరన్ కి మార్చమని డాక్టరమ్మని అడగండి. ఆముదం, సునాముఖి సొంతంగా తీసుకోవద్దు.

మా నాన్నగారికి 74, నీళ్ళు తాగమంటే దాహం లేదంటారు

ఆయన నిజమే చెప్తున్నారు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, ఒంటికి నీళ్ళు కావాల్సి ఉన్నా గొంతు అడగదు. పైగా ప్రోస్టేట్ వల్ల రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచే ఆపేస్తారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపల కోటా పూర్తి చేయించండి. తాగండి నాన్నా అని గుర్తు చేస్తే విసుక్కుంటారు, మాత్ర ఇచ్చినప్పుడు గ్లాసు నిండా ఇవ్వండి, పదకొండింటికి మజ్జిగ, నాలుగింటికి పుచ్చకాయ ముక్కలు పెట్టండి, గొడవ లేకుండా జరిగిపోతుంది. ఆయన వాడే మాత్రల చీటీ కూడా ఒకసారి చూపించండి, కొన్ని బీపీ మందులు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు మలబద్ధకం తెస్తాయి.

కిడ్నీ పేషెంట్ కి, గుండె వీక్ ఉన్నవాళ్ళకి కూడా నీళ్ళు పెంచొచ్చా?

పెంచొద్దు. డాక్టర్ ఎంత తాగమని చెప్పారో అంతే, చారు, మజ్జిగ, టీ అన్నీ అందులోకే వస్తాయి. శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చి ఇక్కడ మిల్లులో పనిచేసే ఒకతను డయాలసిస్ మీద ఉన్న వాళ్ళన్నకి మోషన్ కోసం భేదిఉప్పు అడిగాడు, ఇవ్వలేదు. అందులో ఉండేది మెగ్నీషియం, కిడ్నీ పనిచెయ్యనివాళ్ళకి అది బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. ఇలాంటివాళ్ళకి ఏది ఇచ్చినా వాళ్ళ డాక్టర్ ని అడిగాకే.

## మందు దాకా వచ్చాక

ఇసబ్గోల్ వేసుకుంటే ఇంకా టైట్ అయింది, అది పనికిరాని మందా?

ఎన్ని నీళ్ళతో వేసుకున్నారు? మా షాపుకొచ్చే ఒక పెద్దాయన పొడి నేరుగా నోట్లో వేసుకుని రెండు గుటకల నీళ్ళు తాగాడు, అది గొంతులోనే ఉబ్బి పట్టేసింది, దగ్గి దగ్గి బయటపడ్డాడు. అప్పటినుంచి కొత్తగా కొనేవాళ్ళకి కౌంటర్ మీదే చూపిస్తున్నా. టీ గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి ఒక చెంచా వేసి వాళ్ళ మిగతా మందులు తీసేలోపు పక్కన పెడతా, తిరిగొచ్చేసరికి ముంజలోపలి జిగురులా గడ్డకడుతుంది, గ్లాసు వంచినా జారదు. నీళ్ళు చాలకపోతే మీ పేగులో అయ్యేది ఇదే అని చెప్తే ఇక మర్చిపోరు. ఒక చెంచాతో మొదలుపెట్టండి, పెద్ద గ్లాసు నిండా నీళ్ళలో కలిపి గడ్డకట్టకముందే తాగేయండి, వెంటనే ఇంకో గ్లాసు. వేసుకుని వెంటనే పడుకోవద్దు. ఒక్కరాత్రిలో పనిచెయ్యదు, రెండు మూడు రోజులు ఆగాలి. మింగడం కష్టంగా ఉన్నవాళ్ళు, పేగు అడ్డంకి ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు.

ఆముదం తాగితే ఒక్కదెబ్బకి పోతుంది కదా, నెలకోసారి తాగొచ్చా?

రెండు నుంచి ఆరు గంటల్లో పోతుంది, దాంతోపాటు కడుపు మెలిపెట్టి నీళ్ళు, ఉప్పులు కూడా పోతాయి, తర్వాత రెండ్రోజులు పేగు ఖాళీగా ఉండి మోషన్ రాదు, మళ్ళీ మలబద్ధకం అనుకుని మళ్ళీ తాగుతారు. పొట్ట కడగడం అనే పని ఒంటికి అక్కర్లేదు. వీడియోల్లో చూపించే ఉప్పునీళ్ళు లీటర్లకొద్దీ తాగి కక్కడం, విరోచనాలు చేసుకోవడం బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం.

రాత్రి వేసుకునే మాత్ర అలవాటైపోయింది, మానితే రావట్లేదు

సునాముఖి ఉన్నవి, బిసకోడిల్ లాంటివి పేగుని కొట్టి లేపే రకం, ఆరు నుంచి పన్నెండు గంటల్లో పనిచేస్తాయి. చూర్ణం డబ్బాల మీద ఆయుర్వేదం అని ఉంటుంది కానీ లోపల చాలావాటిల్లో ఉండేది ఈ సునాముఖే, లేబుల్ చదవండి. ఒక్కసారిగా ఆపొద్దు. ముందు రెండు వారాలు నీళ్ళు, పీచు, పొద్దున కూర్చునే టైము సరిచేసుకుని, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండుసార్లు, ఇలా దించండి. లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటివి నీళ్ళని పేగులో పట్టి ఉంచే రకం, ఎక్కువకాలం అవసరమైతే డాక్టర్లు వీటివైపే చూస్తారు, వాటికీ తాగే నీళ్ళు కావాలి.

ఎక్కువ నీళ్ళు తాగితే కూడా ప్రమాదమా?

గంటలో మూడు నాలుగు లీటర్లు ఎక్కిస్తే ప్రమాదమే. కిడ్నీలు గంటకి లీటరు లోపే బయటికి పంపగలవు, మిగిలింది రక్తంలో సోడియంని పలచన చేస్తుంది, తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్స్ దాకా వెళ్తుంది. మామూలుగా దాహానికి తాగేవాళ్ళకి ఈ భయం లేదు, పందెం కాసి తాగేవాళ్ళకి ఉంది.

ఇవన్నీ చేశాక ఎన్ని రోజులు చూడాలి?

రెండు నుంచి నాలుగు వారాలు. కానీ మోషన్ లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఎప్పుడూ లేనిది 45, 50 ఏళ్ళ తర్వాత కొత్తగా మొదలవడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండి ఉండటం, ఇలా ఏదైనా ఉంటే ఒక్కవారం కూడా చూడొద్దు. రక్తం కనపడితే మొలలే అయ్యుంటాయిలే అని నా దగ్గర ఆయింట్మెంట్ అడుగుతారు, చాలాసార్లు మొలలో ఫిషరో (మలద్వారం దగ్గర చీలిక) అవుతాయి, కానీ అది చూసి చెప్పాల్సింది డాక్టర్. కడుపు బిగుసుకుపోయి, గ్యాస్ కూడా కిందకి పోకుండా, వాంతులవుతుంటే నీళ్ళు తాగించొద్దు, విరోచనం మందు అసలు వెయ్యొద్దు, రాత్రైనా సరే బండి మాట్లాడుకుని ఆస్పత్రికి బయల్దేరండి.